ఊపిరి మరిచే పాప

పేర్రాజు మాష్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు అడిగినవాడి మొహంలోకి కాసేపు చూసేవారు. తరువాత "చూద్దాం" అనేవారు. ఆ చూడడం ఒక్కోసారి మర్నాటికే అయ్యేది, ఒక్కోసారి నెలలు పట్టేది. కొందరికి అసలు అయ్యేదే కాదు. వాళ్లు విసుగెత్తి, అడిగిన వెంటనే జవాబు చేతిలో పెట్టే చోటు వెతుక్కుంటూ వెళ్లిపోయేవారు. ఈ రోజుల్లో అలాంటి చోట్లకి కొదవేముంది గనక!

కోనసీమలో ఒక కాలవగట్టు మీద తాటాకు పాక ఆయన యోగశాల. పొద్దున్నే చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. నాది వెనక వరుస. వెనక వరుస అంటే మోకాళ్లు వంగనివాళ్లూ, పొట్ట అడ్డొచ్చేవాళ్లూ, డాక్టరు చెప్పాడు కదా అని వచ్చినవాళ్లూ. ముందు వరుసలో, మాష్టారికి సరిగ్గా ఎదురుగా, ఆదివిష్ణు కూర్చునేవాడు. ఊళ్లో ఎరువుల కొట్టు అతనిది. మనిషి మంచివాడు. ఆసనం వేశాడంటే మాత్రం మేమంతా మా ఆసనాలు మానేసి అతన్నే చూస్తూ ఉండిపోయేవాళ్లం. నడుము అంత నిటారుగా నిలబెట్టేవాడు. ఊపిరి బిగపట్టాడంటే పక్కనున్నవాళ్లకి కంగారు పుట్టేది. ఇక కళ్లు మూసుకుని లోపలికి వెళ్లిపోయాడంటే, గట్టు మీద పెళ్లి ఊరేగింపు సన్నాయి మేళంతో వెళ్లినా అతనికి తెలిసేది కాదు. ఆ మాట మేమంటే అతను కాదనేవాడు కాదు. మేమనడం మరిచిపోతే తనే గుర్తు చేసేవాడు.

మాష్టారికి ఇంకో అలవాటు ఉండేది. ధ్యానం ముగిశాక ఎవరో ఒకరి వైపు తిరిగి, "ఇందాక ఏం వినిపించింది?" అని అడిగేవారు. కాలవలో పడవ మోటారండీ అని ఒకరూ, అవతలి రేవులో బట్టలుతుకుతున్నారండీ అని ఒకరూ చెప్పేవాళ్లం. పక్కాయన గురక అని నేనొకసారి చెప్తే ఆయన హాయిగా నవ్వారు. ఆదివిష్ణు వంతు వచ్చినప్పుడు అతను తల ఎత్తి, "నాకేం వినిపించలేదండీ" అనేవాడు. ఆ చెప్పడంలో కొంచెం బంగారు పతకం అందుకుంటున్న తీరు ఉండేది. మాష్టారు తలూపి, పక్కవాణ్ణి అడిగేవారు.

ఆ తలూపుడు ఆదివిష్ణుని బాగా బాధపెట్టేదని తరువాత తెలిసింది. సాయంత్రం పూట కొత్తవాళ్లకి నేర్పే పని తనకి అప్పగిస్తారని అతను ఆశపడ్డాడు. మేమంతా అదే అనుకున్నాం కూడా. మాష్టారు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. చివరికి ఒకరోజు, అందరం చాపలు చుట్టుకుంటున్న వేళ, అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"మాష్టారండీ, నా నడుం వంకరా? మెడ వంకరా? ఊపిరి నిలవట్లేదా? ఒక్క తప్పు చూపించండి, దిద్దుకుంటాను. తప్పు లేదంటారా, మరి యోగంలో నాకింకా రానిదేంటో అదైనా చెప్పండి."

మాష్టారు అతని మొహంలోకి మామూలు కంటే ఎక్కువసేపే చూశారు. "చూద్దాం విష్ణూ" అన్నారు.

అప్పటికి ఆదివిష్ణు భార్య నీలవేణి కడుపుతో ఉంది. పెళ్లయిన చాలా ఏళ్లకి నిలిచిన కడుపు. అంతకు ముందు నిలవకుండా పోయినవాటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు గానీ, వాళ్ల ముందు ఎవరం ఎత్తేవాళ్లం కాదు. ఉన్నట్టుండి ఒకరోజు ఆమెని కారులో పడుకోబెట్టుకుని పట్నం తీసుకెళ్లారని విన్నాం. నెలలు నిండకుండానే ఆపరేషను చేసి పాపను తీశారు. అరచేయీ, మణికట్టూ కలిపి ఎంతో, పాప అంత ఉందన్నారు చూసొచ్చినవాళ్లు.

ఇక్కడినుంచి జరిగింది ఆదివిష్ణు స్వయంగా నాకు చెప్పినదే.

పాపను కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచారు. కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ వచ్చి, ఇక పెట్టె కంటే మనిషి ఒళ్లే మంచిదంది. గుండె మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకుని, పైన మెత్తటి గుడ్డ కట్టుకుని కూర్చోవాలి. ఆ వెచ్చదనానికే పాప బరువు పెరుగుతుంది. మామూలుగా తల్లి చేసే పని అది. నీలవేణికి మాత్రం కుట్ల దగ్గర చీము పట్టి, విడవని జ్వరం. పాపను ఆమె గుండె మీద పెట్టడానికి లేదు. ఆమెకి తల్లి లేదు, అతని తల్లికి చూపు ఆనదు. అందుకని ఆదివిష్ణు చొక్కా విప్పి కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఒక్క జాగ్రత్త మరీ మరీ చెప్పింది. "ఇంత తొందరగా పుట్టిన పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారండీ. ఏడవరు, గింజుకోరు. నిద్రపోతున్నట్టే ఉంటారు. అరికాలు మీద వేలితో గట్టిగా రాస్తే మళ్లీ గుర్తొచ్చి తీసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా కనిపెట్టుకుని ఉండడమే."

"ఊపిరి గురించి నాకు చెప్పక్కర్లేదండీ" అన్నాడు ఆదివిష్ణు. పొగరుతో కాదు, ధైర్యం చెప్పడానికే అన్నాడు. ఇన్నేళ్ల సాధన ఇన్నాళ్లకి కూతురికి పనికొస్తున్నందుకు అతనికి ఎంత సంతోషం కలిగిందంటే, కళ్లు చెమర్చాయట.

పడక కుర్చీ ఇస్తే వద్దన్నాడు. కింద దుప్పటి పరిపించుకుని, పద్మాసనం వేసి, పాపను గుండెకి కట్టుకున్నాడు. ఆ గదిలో ఉన్న మిగతా తల్లులు అతన్నే చూస్తున్నారు. ఎంత చక్కగా కూర్చున్నాడమ్మా అని ఎవరో అన్నారు. అది అతనికి వినిపించింది. వినిపించిన చివరి మాట అదే. పాపకి ప్రశాంతంగా ఉండాలంటే ముందు తను ప్రశాంతం కావాలనుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఊపిరి నిదానం చేశాడు, ఇంకా నిదానం చేశాడు. పాకలో ఎప్పుడూ కుదరనంత బాగా కుదిరిందట ఆ మధ్యాహ్నం. ఆసుపత్రి వాసన పోయింది, ఫ్యాను చప్పుడు పోయింది, గుండె మీది వెచ్చదనం కూడా ఎక్కడో దూరంగా జరిగిపోయింది.

నీలవేణి మంచం అదే గదిలో అవతలి గోడ పక్కన. జ్వరంలో కూడా ఆమె కళ్లు పాప మీదే ఉన్నాయి. గుడ్డలోంచి బయటికి వేలాడుతున్న చిన్న చెయ్యి రంగు మారడం ఆమె చూసింది. ఏవండీ అంది. అతను కదల్లేదు. ఏవండీ, పాపండీ అని అరిచింది. నీరసపు గొంతు, పెద్దగా రాలేదు. లేద్దామంటే కుట్లు లేవనివ్వలేదు. పక్కన బల్ల మీదున్న స్టీలు గ్లాసు తీసి మొగుడి మీదికి విసిరింది.

గ్లాసు అతని మోకాలికి తగిలి, గదంతా మోగుతూ దొర్లింది. ఆ చప్పుడుకి ఆ వార్డు నర్సు, సువార్త సిస్టరు, పరుగెత్తుకొచ్చింది. అతను కళ్లు తెరిచేసరికి గుండె మీద పాప లేదు. సిస్టరు చేతిలో ఉంది, నీలంగా ఉంది. సిస్టరు అరికాళ్లు రాసింది, వీపు రాసింది, మళ్లీ అరికాళ్లు రాసింది. ఎంతసేపో అతనికి తెలియదు. ఆ కాసేపట్లో తన బతుకంతా ఖాళీ అయిపోయిందన్నాడు నాతో. అప్పుడు పాప సన్నగా మూలిగింది, తరువాత ఏడ్చింది. సిస్టరు పాపను తీసుకుని అద్దాల గదిలోకి వెళ్లిపోయింది.

నీలవేణి అతన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేదట. అతని వైపు చూసి, "ఎక్కడికెళ్లిపోయారండీ మీరు?" అంది.

"ఇక్కడే ఉన్నానే" అన్నాడు అతను.

"లేరు."

అతను వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీసి మాష్టారికి చేశాడు. అటునుంచి గొంతు వినపడగానే ఆగలేకపోయాడు. "మాష్టారండీ, మీరు నేర్పిందే చేశాను. తప్పు లేకుండా చేశాను. నా బిడ్డ నా గుండె మీదే పోబోయింది. ఇన్నేళ్లూ నేను నేర్చుకున్నదేంటండీ? చెప్పండి, ఇప్పుడైనా చెప్పండి!"

మాష్టారు "పాప ఎలా ఉంది?" అన్నారు.

"లోపలుందండీ. నన్ను రానివ్వట్లేదు."

"నీలవేణో?"

"ఏడుస్తోందండీ."

"మరి నాతో మాట్లాడతావేంట్రా? వెళ్లి నీలవేణి దగ్గర కూర్చో" అని మాష్టారు ఫోను పెట్టేశారు.

అతనికి కోపం వచ్చింది. ఇలాంటప్పుడు కూడా ఒక మంచి మాట చెప్పని గురువు ఏం గురువు అనుకున్నాడు. కానీ ఇంకేం చేయాలో తోచక, వెళ్లి భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లయినప్పటినుంచీ పొద్దున్నే లేచి పాకకి వెళ్లిపోవడమే గానీ, ఆమె ఊపిరి తీసుకుంటున్నప్పుడు చివర్లో చిన్న ఈల లాంటి చప్పుడు వస్తుందని తనకి అప్పటిదాకా తెలియదట. అదేదో పెద్ద తప్పు బయటపడినట్టు నాతో తలవంచుకుని చెప్పాడు.

మర్నాడు పొద్దున్న సిస్టరు పాపను తీసుకొచ్చి, ఎవరు పెట్టుకుంటారని అడిగింది. ఆదివిష్ణు వెనక్కి జరిగాడు. "నేనొద్దు. ఎవరినైనా పిలిపిస్తాను. మీ పిన్నిని రమ్మందాం" అన్నాడు భార్యతో.

నీలవేణి జ్వరంతో పగిలిన పెదాల మీద నాలుక రాసుకుని, "మీరే పెట్టుకోండి" అంది.

"నా మీద నీకు భయం లేదా?"

"ఉందండీ. ఎందుకుండదు? మీకూ ఉంది కదా. అందుకే అంటున్నాను."

చొక్కా విప్పబోతే ఒక్క బొత్తామూ ఊడి రాలేదు. సిస్టరే విప్పి, పడక కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి, పాపను కట్టింది. మొదట్లో అతను కూర్చున్న తీరు చూస్తే ఎవరికైనా జాలేసేదట. రెప్ప వేయడు, కదలడు, గుడ్లప్పగించి పాప వీపునే చూస్తాడు. తన ఊపిరి బిగుసుకుపోతుంది. అతని ఒళ్లు రాయిలా ఉండేసరికి పాప నిద్రపోక ఇబ్బంది పడేది. ఒక తల్లి చూసి, "అలా భయపెట్టకండి అన్నయ్యగారూ, పిల్లకి తెలుస్తుంది" అంది. ఏం చేయాలమ్మా అని అడిగాడు. ఆమె తన పిల్లాణ్ణి చూపించి, ఏముంది, ఊరికే ఉండడమే అంది.

ఊరికే ఉండడం అతనికి చేతకాని పని. ఊపిరిని పొడుగు చేయడం వచ్చు, ఆపడం వచ్చు, ఒక ముక్కులోంచి పీల్చి ఇంకో ముక్కులోంచి వదలడం వచ్చు. దాని మానాన దాన్ని వదిలేయడం రాదు. చివరికి అది అలసట వల్లే వచ్చింది. భయపడీ భయపడీ ఒకానొక మధ్యాహ్నం అతనికి ఇక బిగుసుకునే ఓపిక కూడా లేకపోయింది. భుజాలు జారాయి, నడుము వంగింది, ఊపిరి దాని పని అది చేసుకుపోయింది. అప్పుడు పాప బుగ్గ అతని గుండె మీద కాస్త బరువుగా ఆనింది. నిద్రపోయింది. కళ్లు తెరుచుకునే ఉన్నాడు అతను. ట్రాలీ చక్రం కిర్రుమంటూ వెళ్లడం వినిపిస్తోంది. పక్కావిడ పిల్లాడికి ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నీలవేణి అటు ఒత్తిగిలింది, ఆమె ఊపిరి చివర ఆ ఈల ఉంది. అన్నిటి మధ్యా, వాటిలో ఒకటిగా, గుండె మీద పిట్టంత ఊపిరి వస్తోంది, పోతోంది. దేన్నీ తోసేయాల్సిన పని లేకపోయింది. ఆ ఊపిరి ఆగినప్పుడు వెతుక్కోవాల్సిన పనీ లేకపోయింది. ఆగిందని అతని ఒంటికే తెలిసింది, వేలు అరికాలి మీదికి దానంతటదే వెళ్లింది.

ఇది నాకు చెప్తున్నప్పుడు అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చానని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

కొన్నాళ్లకి మాష్టారు, "పద, పాపను చూసొద్దాం" అని నన్ను వెంట పెట్టుకుని బస్సెక్కారు. ఆసుపత్రి గది గుమ్మంలో ఇద్దరం ఆగిపోయాం. పడక కుర్చీలో ఉన్న మనిషిని నేను వెంటనే గుర్తుపట్టలేదు. గడ్డం మాసింది, జుట్టుకి నూనె లేదు. వీపు కుర్చీలోకి పూర్తిగా కూరుకుపోయి ఉంది, మెడ ఒక పక్కకి ఒరిగి ఉంది. మా ముందు వరుస ఆదివిష్ణు మా వెనక వరుసలో అందరికంటే అధ్వాన్నంగా కూర్చుని ఉన్నాడు. అతని గుండె మీద లేత రంగు గుడ్డలో పాప తల మాత్రం కనిపిస్తోంది. అవతలి మంచం మీద నీలవేణి గోడ వైపు తిరిగి నిద్రపోతోంది. జ్వరం తగ్గిందనీ, ఇలా ఒళ్లు మరిచి నిద్రపోవడం మాత్రం ఈమధ్యే మొదలుపెట్టిందనీ సిస్టరు చెప్పింది.

మాష్టారిని చూసి అతను లేవబోయాడు. ఆయన వద్దని చెయ్యి ఊపి, స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. మాష్టారు పాపను చూశారు. పాప నిద్రలో మూతి ముడిచింది. ఆయన మొహం మెత్తబడడం నేను చూశాను.

"నీ పోలికేరా" అన్నారు.

"వాళ్లమ్మ పోలికండీ" అన్నాడు ఆదివిష్ణు. తరువాత గొంతు తగ్గించి, "మాష్టారండీ, సాధన మొత్తం పోయిందండీ. వచ్చినప్పటినుంచీ ఒక్క ఆసనం వేసింది లేదు. నడుం చూడండి, ముసలాడి నడుంలా అయిపోయింది. మీరు ఏవనుకున్నా సరే, ఒక మాట అడగాలని ఉందండీ. ఆ రోజు పాకలో అడిగాను, మీరు చెప్పలేదు. ఫోనులో అడిగితే పెట్టేశారు. ఇప్పుడు ఎదురుగా ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకింకా రాని..."

అక్కడ ఆగిపోయాడు.

నేను ఏడుపు వల్ల ఆగాడనుకున్నాను. కాదు. అతని చెయ్యి అప్పటికే గుడ్డ కిందికి వెళ్లింది. పాప వైపు చూశాను. నాకేమీ తేడా కనిపించలేదు. మాష్టారికీ కనిపించలేదనే అనుకుంటాను. పాప ఇందాకటిలాగే హాయిగా నిద్రపోతోంది. గదిలో అన్ని చప్పుళ్లూ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆదివిష్ణు మొహంలో భయం లేదు, తొందర లేదు. గుడ్డ కింద అతని బొటనవేలు ఆ చిన్న అరికాలు మీద కదులుతోంది. నీలవేణిని లేపుదామా, సిస్టరుని పిలుద్దామా అని నా నోటిదాకా వచ్చింది. అంతలో పాప మొహం చిట్లించి, పిల్లికూన లాంటి మూలుగు ఒకటి మూలిగి, ఊపిరి తీసుకుంది. మళ్లీ తీసుకుంది. బుగ్గ తండ్రి గుండెకి రాసుకుని సర్దుకుంది.

అవతల నీలవేణి నిద్ర చెదరలేదు.

ఆదివిష్ణు పాప తల మీద గుడ్డ కొంచెం పైకి లాగాడు. చాలాసేపు పాపనే చూస్తూ ఉన్నాడు. మేమున్నామన్న సంగతి అతనికి కొంత ఆలస్యంగా గుర్తొచ్చినట్టుంది. తల ఎత్తి మాష్టారి వైపు చూసి, నొచ్చుకుంటూ నవ్వాడు.

"ఏదో అడగబోయానండీ మిమ్మల్ని. ఏంటో... మరిచిపోయాను."

మాష్టారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"పోనీలేరా" అన్నారు. "గుర్తు తెచ్చుకోకు."